ఆ చీటీలో పేరు లేదు

మా మందిరంలో ప్రసంగ పీఠం పక్కన చిన్న చెక్క పెట్టె ఒకటి ఉంటుంది. ప్రార్థన మనవులు చీటీ మీద రాసి అందులో వేస్తారు. ఆదివారం ఆరాధన చివర అయ్యగారు ఆ చీటీలు ఒక్కొక్కటే చదువుతుంటే సంఘమంతా ప్రార్థిస్తుంది. అబ్బాయి ఉద్యోగం, అమ్మాయి సంబంధం, మామిడి తోట కౌలు, ఈనబోయే గేదె, కోర్టులో నలుగుతున్న ఎకరం పొలం... చింతలపూడి చుట్టుపక్కల పల్లెల్లో మన బతుకంతా ఆ చీటీల్లోనే కనబడుతుంది.

వాటి మధ్య ఒక చీటీ ఏడాదిన్నర పాటు ఇంచుమించు ప్రతి వారం వచ్చింది. 'ఒక సహోదరి ఆరోగ్యం కొరకు' అని మాత్రమే ఉండేది. పేరు లేదు. జబ్బేమిటో లేదు. మేమంతా కళ్లు మూసుకుని ప్రార్థించాం. ఆమేన్ అన్నాం. చెప్పులు వేసుకుని ఇంటికి వెళ్లిపోయాం. ఆ సహోదరి ఎవరని మాలో ఒక్కరమూ అడగలేదు.

ఎవరో తెలిసేసరికి ఆలస్యమైపోయింది.

సంఘంలో అందరం 'పిన్ని' అని పిలుచుకునే విశ్వాసి ఆమె. వయసు యాభై దాటింది. సీజన్‌లో మామిడి కాయలు ఏరి గంపలకెత్తే పనికి వెళ్లేది. ఎవరింట్లో జ్వరమొచ్చినా గంజి కాచి పట్టుకెళ్లేది. ముట్లుడిగి నాలుగేళ్లయ్యాక ఆమెకు మళ్లీ రక్తం కనబడటం మొదలైంది. ఎండన పడి తిరగటం వల్ల వేడి చేసిందనుకుంది. సబ్జా గింజలు నానబెట్టుకుని తాగింది. తెల్లబట్ట వాసన వేస్తుంటే గుడ్డలు తెల్లవారకముందే ఉతికి దడి వెనకాల ఆరేసుకుంది. నడుము నొప్పిని గంపల బరువు మీదికి నెట్టింది. కోడలితో చెప్పడానికి సిగ్గు. కొడుకుతో చెప్పడమన్నది జరిగే పని కాదు. చివరికొక రోజు స్త్రీల కూడికలో కూర్చోలేక లేచి వెళ్లిపోతుంటే పాస్టరమ్మగారు వెనకాలే వెళ్లి చెయ్యి పట్టుకున్నారు. అప్పుడు నోరు విప్పింది.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అన్నారు డాక్టర్లు. బాగా ముదిరిన దశ అన్నారు. కరెంటు పెట్టించారు. సెలైన్లు ఎక్కించారు. ఏడాది తిరక్కుండానే పిన్ని ప్రభువు సన్నిధికి వెళ్లిపోయింది.

సమాధి కార్యక్రమం అయ్యాక ఆమె మనవరాలు, ఎనిమిదో తరగతి చదివే పిల్ల, పాస్టరమ్మగారి ఒళ్లో తల పెట్టుకుని ఏడుస్తూ అసలు సంగతి చెప్పింది. పిన్నికి చదువు రాదు. ఆ చీటీలన్నీ ఆ పిల్లే రాసేది. 'ఎవరి కోసం నాయనమ్మా?' అని అడిగితే, 'ఎవరో ఒక తల్లిలేవే, రాయి' అనేదట.

ఆ మాట విన్నప్పటి నుంచి మమ్మల్నొక ప్రశ్న వదలటం లేదు. గేదె ఈనడానికి పేరు చెప్పి ప్రార్థన అడగగలిగిన సంఘంలో, తన ప్రాణం తీస్తున్న జబ్బుకు ఒక తల్లి పేరు చెప్పుకోలేకపోయిందంటే, మన సహవాసం ఎలాంటి సహవాసం? ఆమె దేవుని దగ్గర దాచలేదు. మన దగ్గరే దాచింది.

పన్నెండేళ్లు దాచుకున్న స్త్రీ

మార్కు సువార్త 5వ అధ్యాయంలోని ఆ స్త్రీ కథ మనకు కొత్త కాదు. పన్నెండేళ్లుగా రక్తస్రావం. ఎందరో వైద్యుల చుట్టూ తిరిగి ఉన్నదంతా ఖర్చు పెట్టుకుంది. లేవీయకాండం 15వ అధ్యాయం ప్రకారం ఆమె అపవిత్రురాలు. ఆమెను తాకినవారికీ మైలే. అందుకే ఎదురుగా రాలేదు. జనంలో కలిసిపోయి, వెనక నుంచి వచ్చి, ఆయన వస్త్రం ముట్టుకుంది. స్వస్థత దొరికింది. ఇక ఎవరికీ తెలియకుండా వెళ్లిపోవాలనే ఆమె కోరిక.

యేసు మాత్రం ఆగిపోయారు. పక్కన యాయీరు ఇంట్లో చావుబతుకుల్లో ఉన్న పిల్ల కోసం అందరూ తొందరపెడుతున్నా ఆగారు. తనను తాకినదెవరని అడిగారు. ఆమె వణుకుతూ వచ్చి జరిగినదంతా అందరి ముందూ చెప్పింది. ఆయన ఆమెను మందలించలేదు, కుమార్తె అని పిలిచారు. ఒంటి జబ్బు నయమయ్యాక కూడా ఆమెలో మిగిలిపోయిన సిగ్గును ఆయన ఆ నడివీధిలో తీసేశారు. ఈ కథ మన ప్రసంగాల్లో ఎన్నిసార్లో విన్నాం. కానీ అదే జబ్బు మన ఇంటి ఆడవాళ్లకు వస్తే ఆ మాట పలకడానికి మనకు నోరు రావటం లేదు.

పైకి కనబడని పురుగు

మన మామిడి రైతుకు ఒక సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. చిన్న రసమైనా, బంగినపల్లి అయినా, పంటను కాపాడుకునేది కోతల్లో కాదు, పూతలో. పూత మీద తేనెమంచు పురుగు పడిందేమోనని చెట్టు చెట్టుకూ తిరిగి చూస్తాడు. లారీ నున్న మార్కెట్‌కు వెళ్లే రోజున చూద్దాంలే అనుకోడు.

టెంక పురుగు ఇంకా మాయదారిది. పిందె గోళీకాయంత ఉన్నప్పుడే పెంకు పురుగు దాని మీద గుడ్డు పెడుతుంది. పిల్ల పురుగు లోపలికి దూరి టెంకలో చేరుతుంది. వెళ్లిన దారి పూడుకుపోతుంది. కాయ మామూలుగానే ఊరుతుంది, రంగు తిరుగుతుంది. పైన ఒక్క మచ్చ ఉండదు. కోశాక గానీ సంగతి తెలియదు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నడక అచ్చం ఇలాగే ఉంటుంది. దీనికి మూలం హెచ్‌పీవీ అనే వైరస్. ఈ సంగతి కనిపెట్టిన జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. వైరస్ సోకిన చాలామందిలో అది రెండేళ్లలోపు దానంతటదే పోతుంది. కొందరిలో మాత్రం తిష్ఠ వేసి, ముఖద్వారం దగ్గరి కణాలను మెల్లమెల్లగా మార్చేస్తుంది. ఆ మార్పు క్యాన్సర్‌గా ముదరడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. హెచ్ఐవీ లాంటి వాటి వల్ల నిరోధక శక్తి తగ్గినవారిలో ఇంకా త్వరగా రావచ్చు. ఇన్నేళ్లలో నొప్పి ఉండదు. జ్వరం ఉండదు. పని ఆగదు. అంటే దేవుడు మనకు పదిహేనేళ్ల గడువు ఇస్తున్నాడు. మనం ఆ గడువంతా నొప్పి కోసం ఎదురు చూస్తూ గడిపేస్తున్నాం.

2022 సంవత్సరపు అంతర్జాతీయ అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదే సుమారు 1 లక్షా 27 వేల మంది స్త్రీలకు ఈ క్యాన్సర్ వచ్చింది. దాదాపు 80 వేల మంది చనిపోయారు. రొమ్ము క్యాన్సర్ సుమారు 1 లక్షా 92 వేల మందికి వచ్చింది. మరి పరీక్ష చేయించుకుంటున్నది ఎందరు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలను అడిగితే, జీవితంలో ఒక్కసారైనా ముఖద్వార పరీక్ష చేయించుకున్నామని చెప్పినవారు నూటికి ఇద్దరు కూడా లేరు. రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఒక్కరు కూడా లేరు.

ఆ పరీక్షలో ఏం చేస్తారు?

మన అక్కచెల్లెళ్లలో సగం భయం, పరీక్షలో ఏం చేస్తారో తెలియక పుట్టిన భయం. అందుకే ఉన్నదున్నట్టు చెప్పుకుందాం.

ముఖద్వార పరీక్ష తెర చాటున నర్సమ్మగానీ డాక్టరమ్మగానీ చేస్తారు. పడుకోబెట్టి, చిన్న పరికరంతో ముఖద్వారం కనబడేలా చేసి, పలచని ఎసిటిక్ ఆమ్లం అద్దుతారు. మనం వంటల్లో వాడే వెనిగర్‌లో ఉండేది అదే. ఒక నిమిషం ఆగి చూస్తారు. మార్పు వచ్చిన చోట తెల్లమచ్చ తేలుతుంది. కొంచెం ఇబ్బందిగా ఉంటుంది, అంతే. కోత లేదు, కుట్టు లేదు, మంచం పట్టేది లేదు. అయిదు పది నిమిషాల పని. పెద్ద ఆసుపత్రుల్లో పాప్ పరీక్ష, హెచ్‌పీవీ పరీక్ష చేస్తారు. వాటిలో ముఖద్వారం దగ్గర నుంచి కొద్దిగా నమూనా తీసి ల్యాబుకు పంపుతారు. పాప్ పరీక్షకు ఆ పేరు వచ్చింది గ్రీసు దేశంలో పుట్టిన డాక్టర్ జార్జ్ పాపనికొలావు వల్ల. ఆయన పరిశోధన కోసం ఏళ్ల తరబడి నమూనాలు ఇచ్చింది ఆయన భార్యే. ఆ ఇల్లాలు సిగ్గుపడి ఊరుకుని ఉంటే ప్రపంచంలో ఎందరు తల్లులు బతికేవారు కాదో!

తెల్లమచ్చ కనబడితే క్యాన్సర్ వచ్చేసిందని కాదు. చాలాసార్లు అది క్యాన్సర్‌కు ముందరి మార్పు మాత్రమే, కొన్నిసార్లు మామూలు పుండే కావచ్చు. ముందరి మార్పు అయితే ఆ చోటును వేడితోగానీ చలువతోగానీ మాడ్చేసి అదే రోజు ఇంటికి పంపించే వైద్యం ఉంది. గర్భసంచి తీసేయనక్కర్లేదు.

రొమ్ము పరీక్ష అంటే శిక్షణ పొందిన నర్సమ్మ చేత్తో తడిమి గడ్డ ఉందేమో చూడటం. అనుమానం ఉంటే మామోగ్రామ్ లేదా స్కానింగ్‌కు పంపుతారు. ఇక్కడ మనవాళ్లు పడే పొరపాటు ఒకటుంది. 'నొప్పి లేదుగా, ఏమీ కాదులే' అంటారు. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. నొప్పి లేని గడ్డను ఇంకా త్వరగా చూపించుకోవాలి.

మూడోది నోటి పరీక్ష. ఇది మగవాళ్లకు కూడా. జంగారెడ్డిగూడెం వైపు వర్జీనియా పొగాకు మన రైతులు పండించే పంట. వేలం కేంద్రం చూడనివారు ఇక్కడ తక్కువ. అయితే చుట్టగా, ఖైనీగా, గుట్కాగా అది నోట్లోకి వచ్చాక ఏం చేస్తుందో శ్రీకాకుళం, విశాఖ జిల్లాల పల్లెలు చెబుతాయి. అక్కడ చుట్టను నిప్పు లోపలికి పెట్టి తాగే 'అడ్డపొగ' అలవాటు వల్ల అంగిట్లో వచ్చే మార్పుల మీద పరిశోధకులు వేలమందిని పరీక్షించి 1971లోనే రాశారు. అలా తాగేవారిలో ఆడవాళ్లూ ఎక్కువే. నోట్లో తెల్లమచ్చగానీ ఎర్రమచ్చగానీ పుండుగానీ రెండు వారాల్లో మానకపోతే, నోరు బాగా తెరుచుకోకపోతే, చూపించుకోవాలి. దీనికి కావలసింది ఒక టార్చిలైటు, చూసే కన్ను.

దేశంలో 2016లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం 30 ఏళ్లు నిండినవారికి ఈ పరీక్షలు అయిదేళ్లకోసారి చేయాలి. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంటింటి సర్వేతో పాటు ఈ మూడు క్యాన్సర్ల స్క్రీనింగ్‌ను రాష్ట్రమంతటా మొదలుపెట్టింది. ఆశా కార్యకర్త గుమ్మంలోకి వచ్చి అడిగినప్పుడు 'మాకేం జబ్బుల్లేవమ్మా' అని పంపించేస్తే ఆ ఏర్పాటు వృథా. జబ్బు లేదనుకునే వారి కోసమే కదా ఆ పరీక్ష!

అయితే ఒక జాగ్రత్త. రక్తం కనబడుతున్నా, గడ్డ తగులుతున్నా స్క్రీనింగ్ వంతు వచ్చేదాకా ఆగకూడదు. ముట్లుడిగాక రక్తం, రెండు నెలసరుల మధ్య రక్తం, దాంపత్యం తరువాత రక్తం, వాసన వేసే తెల్లబట్ట... ఇవి వేడి వల్ల వచ్చేవని మనకు మనమే తీర్పు చెప్పుకోకూడదు. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

పల్లెటూళ్లు చెప్పిన సాక్ష్యం

ఇదంతా పట్నంవాళ్ల సంగతి అనుకునేవారికి మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లా గురించి చెప్పాలి. ఇప్పుడు దాన్ని ధారాశివ్ అంటున్నారు. మనలాగే వ్యవసాయం మీద బతికే పల్లెలు. అక్కడ డాక్టర్ శంకరనారాయణన్ బృందం 30 నుంచి 59 ఏళ్ల స్త్రీలు 1 లక్షా 31 వేల మందితో ఒక పెద్ద పరిశోధన చేసింది. ఊళ్లను నాలుగు జట్లుగా విడదీసి మూడు జట్లకు మూడు రకాల పరీక్షలు చేశారు. ఒక జట్టుకు మాత్రం అప్పటికి మామూలుగా అందుతున్న వైద్యమే. ఎనిమిదేళ్లు గమనించి 2009లో ఫలితం ప్రకటించారు. హెచ్‌పీవీ పరీక్ష చేసిన ఊళ్లలో సుమారు 34 వేల మందిలో ఈ క్యాన్సర్‌తో చనిపోయినవారు 34 మంది. ఏ పరీక్షా లేని ఊళ్లలో సుమారు 31 వేల మందిలో 64 మంది. ఒక్క తల్లికి ఒక్కసారి చేసిన ఒక్క పరీక్షతో చావులు సగానికి సగం తగ్గాయి!

ముంబయి మురికివాడల్లో పదో తరగతి చదివిన ఆడపిల్లలకు కొన్ని వారాల శిక్షణ ఇచ్చి ఇల్లిల్లూ తిప్పారు. వెనిగర్ పరీక్షతో ముఖద్వార క్యాన్సర్ చావులు 31 శాతం తగ్గాయని 2014లో తేలింది. చేత్తో చేసే రొమ్ము పరీక్ష వల్ల 50 ఏళ్లు దాటినవారిలో చావులు దాదాపు 30 శాతం తగ్గాయని 2021లో తేలింది. తిరువనంతపురం జిల్లాలో ఊరూరా తిరిగి నోళ్లు తెరిపించి చూసినందుకు, పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ చావులు 34 శాతం తగ్గినట్లు 2005లో ప్రకటించారు.

ఈ మూడు చోట్లా బతికిన వారంతా సామాన్యులే. టార్చిలైటు, సీసాడు వెనిగర్, శిక్షణ పొందిన చేతులు... వీటితోనే ఎక్కువ పని జరిగింది.

మనల్ని ఆపుతున్నదేమిటి?

మొదటి మాట: 'మాకు విశ్వాసం ఉంది, ప్రభువే చూసుకుంటాడు.' విశ్వాసాన్ని మేము చిన్నచూపు చూడటం లేదు. కానీ హిజ్కియా రాజు మరణకరమైన జబ్బుతో ఏడ్చి ప్రార్థించినప్పుడు, దేవుడు ఆయుష్షు పొడిగిస్తానని చెప్పాక కూడా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్దను పుండు మీద పెట్టమన్నాడు కదా (2 రాజులు 20)! సువార్త రాసిన లూకా వైద్యుడే. పౌలు ఆయనను ప్రియమైన వైద్యుడిగానే పరిచయం చేశాడు. మన దేహం దేవుని ఆలయమని బోధిస్తాం. మందిరం పైకప్పు కారకముందే వానాకాలానికి ముందు పెద్దలు నిచ్చెన వేసుకుని పెంకులు చూస్తారు. అది అవిశ్వాసమని ఎవరైనా అన్నారా?

రెండో మాట ఎవరూ పైకి అనరు. 'ఆ వైరస్ ఎలా వస్తుందో తెలుసా' అని గుసగుసలాడతారు. ఇది దాంపత్య సంబంధం ద్వారా సోకే వైరస్ అన్న మాట నిజమే. కానీ పెళ్లయి కాపురం చేసిన స్త్రీ పురుషుల్లో అత్యధికులకు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకుతుంది. భర్తను తప్ప పరాయివారిని ఎరగని ఇల్లాలికీ వస్తుంది. ఎవరి శీలానికీ ఇది తీర్పు కాదు. పుట్టుగుడ్డివాణ్ని చూసి శిష్యులు, పాపం చేసింది వీడా, వీడి తల్లిదండ్రులా అని అడిగారు. యేసు ఆ రెండూ కాదన్నారు (యోహాను 9). జబ్బుపడినవాళ్ల పక్కన నిలబడి పాపం లెక్క తీసే అలవాటు ఆనాటి శిష్యులతోనే పోవాల్సింది.

మూడో మాట: 'ఉందని తెలిస్తే ఏం చేస్తాం? ముక్క తీస్తే పాకుతుందట!' పరీక్ష కోసం ముక్క తీయడం వల్ల పాకుతుందన్నది వట్టి అపోహ. ముదిరాక చూపించుకుని, ముక్క తీశాక చనిపోయిన వారిని చూసి పుట్టిన మాట అది. అమెరికా లెక్కల్లో ముఖద్వార క్యాన్సర్ పాకకముందే దొరికినవారిలో నూటికి సుమారు 90 మంది అయిదేళ్ల తరువాత కూడా బతికి ఉంటున్నారు. దూర అవయవాలకు పాకాక దొరికితే 20 మంది లోపే. తేడా మందుల్లో కాదు, వెళ్లిన రోజులో ఉంది. ఖర్చు గురించి భయపడే పేద కుటుంబాలకు మన రాష్ట్రంలో ఒకప్పటి ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్ చికిత్స ఉంది. విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ఉంది. ఎన్టీ రామారావుగారి సతీమణి బసవతారకం గారు 1985లో క్యాన్సర్‌తో కన్నుమూస్తే, ఆమె పేరున 2000 సంవత్సరంలో ఆసుపత్రి తెరుచుకుంది. ముఖ్యమంత్రి ఇంటినీ వదలని జబ్బు గురించి మనం సిగ్గుపడటం దేనికి?

గుంటూరు వచ్చిన డాక్టరమ్మ

ఆడవాళ్ల సిగ్గు ప్రాణాలు తీస్తుందని మన సంఘాల పూర్వికులకు బాగా తెలుసు. 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ అనే లూథరన్ మిషనరీ అమెరికా నుంచి గుంటూరు వచ్చారు. ఘోషా ఇళ్లలో మగ డాక్టరు గడప దాటకూడదు. ఆడ డాక్టరు లేరు. ఆ తలుపుల వెనక ఎందరో తల్లులు మందు అందకుండానే పోయేవారు. కుగ్లర్ గారు ఆ ఇళ్లలోకి వెళ్లారు. 1898లో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరిచారు. మన ఏలూరు జమీందారు తన భార్యకు అక్కడ అందిన వైద్యానికి కృతజ్ఞతగా, రోగులతో వచ్చేవారు ఉండటానికి ఆ ఆసుపత్రి దగ్గర సత్రం కట్టించారు. కుగ్లర్ గారు 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. వేలూరు ఆసుపత్రిని 1900లో ఒక్క మంచంతో ప్రారంభించిన ఐడా స్కడర్ గారిని ఆ దారి పట్టించింది కూడా, మగ డాక్టరు వద్దన్నందుకు ఒకే రాత్రి ప్రసవాల్లో పోయిన ముగ్గురు తల్లుల మరణాలే.

ఆనాడు డాక్టరమ్మలు లేక తలుపులు మూసుకున్నాయి. ఈనాడు ఊరి ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ ఉంది, చింతలపూడిలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, ఏలూరులో ప్రభుత్వ వైద్య కళాశాలే వచ్చింది. తలుపు మాత్రం మనం లోపలి నుంచి గడియ పెట్టుకున్నాం.

సంఘం చేయగలిగిన పని

సంఘం ఆసుపత్రి కానక్కర్లేదు. ఆ గడియ తీస్తే చాలు. అందుకు పెద్ద ఖర్చేమీ లేదు.

స్త్రీల కూడికలో ఏడాదికి రెండుసార్లు నర్సమ్మను పిలిచి మాట్లాడించవచ్చు. ఒంటరిగా వెళ్లమంటే వెళ్లని అక్క, నలుగురు కలిసి ఆటో ఎక్కితే వస్తుంది. పూత సమయంలో, కోతల సమయంలో కూలి పోతుందని ఎవరూ రారు గనుక, కోతలు అయిపోయాక పరీక్షకు రోజు పెట్టుకోవచ్చు. అనుమానం ఉందని చెప్పినవారిని అక్కడితో వదిలేయకుండా, రెండో పరీక్షకు పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లే బాధ్యత ఇద్దరికి అప్పగించాలి. చాలామంది ఆగిపోయేది మొదటి పరీక్ష దగ్గర కాదు, రెండో పరీక్ష దగ్గర. సహోదరులు తమ భార్యను, తల్లిని 'నేను తీసుకెళతాను, పద' అనాలి. ఆ ఒక్క మాట సగం మందు. తమ నోరు కూడా తెరిచి చూపించుకోవాలి. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా గురించి డాక్టరును అడిగి తెలుసుకోవాలి. టీకా వేయించుకున్నవారు కూడా పెద్దయ్యాక పరీక్షలు మానకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2030 నాటికి పెట్టుకున్న గురి కూడా ఇదే: నూటికి 90 మంది ఆడపిల్లలకు టీకా, 70 మంది స్త్రీలకు 35 ఏళ్ల లోపు ఒకసారి, 45 ఏళ్ల లోపు మరోసారి పరీక్ష, జబ్బు కనబడిన 90 మందికి వైద్యం.

అన్నిటికన్నా ముందు, సంఘంలో విన్నది సంఘం గుమ్మం దాటకూడదు. చెప్పుకున్న మాట రేపు బావి దగ్గర వినబడుతుందన్న భయం ఉన్నంత కాలం ఎవరూ నోరు విప్పరు.

పిన్ని పోయిన ఏడాది, మామిడి కోతలు అయ్యాక, మొదట ఆమె కోడలు బయలుదేరింది. 'అత్తయ్య నాతో చెప్పలేదు. నేను అడగలేదు' అని ఒక్క మాట అంది. ఆమె వెనక పాస్టరమ్మగారు, ఆమె వెనక మరికొందరు. వెళ్లినవారిలో ఒక సహోదరికి తెల్లమచ్చ కనబడింది. క్యాన్సర్ కాదు, దానికి ముందరి మార్పు అన్నారు. వైద్యం చేయించుకుని వారానికే మామూలు పనుల్లో పడింది. వచ్చే ఆదివారం సాక్ష్యం చెప్పడానికి లేచి నిలబడ్డప్పుడు మందిరంలో మగవాళ్లు తలలు దించుకున్నారు. ఆమె మాత్రం దించుకోలేదు.

ఆ చెక్క పెట్టె ఇప్పటికీ ప్రసంగ పీఠం పక్కనే ఉంది. ఉద్యోగాలు, పెళ్లిళ్లు, గేదెలు అలాగే వస్తున్నాయి. ఈమధ్య ఒక చీటీ వచ్చింది. 'మంగళవారం పరీక్షకు వెళుతున్నాం, ప్రార్థించండి' అని ఉంది. కింద వరసగా ఏడు పేర్లు ఉన్నాయి. అయ్యగారు ఏడు పేర్లూ పైకి చదివారు.

ప్రియ సహోదరీ, ఈ మాటలు చదువుతున్న నీకు 30 ఏళ్లు నిండి, ఇంతవరకూ ఒక్క పరీక్షా చేయించుకోకపోతే, ఎనిమిదో పేరు నీదే కానివ్వు. నొప్పి వచ్చేదాకా ఆగవద్దు. వస్త్రం అంచు పట్టుకున్న ఆ తల్లిని వెనక్కి పిలిచి కుమార్తె అన్న ప్రభువు, నీ పేరు పెట్టి పిలవడానికి సిగ్గుపడడు. సంఘంగా మనమూ సిగ్గుపడకూడదు.